ఒక్క తూకమున పలు నమూనాలు
మాంసకృత్తుల కొలత – గ్రామముల పాత్ర

మాంసకృత్తులనగానే పప్పు, పాలు, గ్రుడ్లు స్ఫురించును. కాని మన శరీరము తనకై తాను తయారుచేసికొను మాంసకృత్తులు వేల రకములు. రక్తమును గడ్డకట్టించునవి కొన్ని, ప్రాణవాయువును మోయునవి కొన్ని, రోగములతో పోరాడునవి మరికొన్ని. ఒక అవయవము చెడనారంభించినపుడు వీనిలో కొన్ని పెరుగును, కొన్ని తరుగును. ఆ హెచ్చుతగ్గులను పసిగట్టగలిగినచో వ్యాధిని ముందుగా గుర్తించు మార్గమేర్పడును.

ఉద్దానము ప్రశ్న

శ్రీకాకుళం జిల్లా ఉద్దానము ప్రాంతమున మూత్రపిండముల వ్యాధి దశాబ్దములుగా ఎన్నో కుటుంబములను క్రుంగదీయుచున్నది. త్రాగునీరు, పురుగుమందులు, ఎండలో శ్రమ, వంశపారంపర్యము మొదలగు వానిని పరిశీలించినను మూలకారణము ఇంకను నిర్ధారణ కాలేదు. 2023లో పలాసలో మూత్రపిండ వ్యాధుల ఆసుపత్రి, పరిశోధనా కేంద్రము ప్రారంభమైనవి. సాధారణముగా మూత్రమున ఆల్బుమిన్ అను మాంసకృత్తు కనబడుట ఈ వ్యాధికి సూచన. ఉద్దానపు రోగులలో పలువురికి అది అల్పముగానే ఉండును. కాబట్టి ఒక్క మాంసకృత్తును చూచుట చాలదు. అనేకములను, అనేకులలో, పోల్చి చూడవలెను.

కలిపినను వేరుపరచు నేర్పు

పదిమంది రైతుల ధాన్యమును పది దినములలో పది కాటాలపై తూచినచో, తేడా ధాన్యములోనిదో కాటాలోనిదో తెలియదు. అందరి ధాన్యమును ఒకే పూట, ఒకే కాటాపై తూచుటే న్యాయము. శాస్త్రజ్ఞులు చేయునదియు ఇదియే.

హైదరాబాదులో ఆబిడ్స్ చెంతనున్న గన్‌ఫౌండ్రీకి ఆ పేరు, ఫ్రెంచి సేనాని రేమండ్ నెలకొల్పిన ఫిరంగుల కర్మాగారము వలన వచ్చినది. కరిగిన లోహమును మూసలో పోసిన పిదప ఏ పాలు ఏ ముద్దదో పోతగాడు చెప్పలేడు. ఈ పద్ధతిలో నమూనాలను కలిపివేసినను ఎవరి పాలు ఎంతయో చెప్పవచ్చును.

అది యెట్లన, ముందుగా ట్రిప్సిన్ అను జీర్ణరసముతో మాంసకృత్తులను చిన్న ముక్కలు చేయుదురు. ఒక్కొక్క మనిషి నమూనాకు ఒక్కొక్క రసాయనపు గుర్తును అతికింతురు. ఈ గుర్తులన్నింటి మొత్తము బరువు ఒక్కటే. లోపల ఆ బరువు పంపకము మాత్రము వేరు. పిదప అన్నింటిని కలిపి మాస్ స్పెక్ట్రోమీటర్ అను, అణువులను తూచు యంత్రమునకు అందింతురు. అందరి నమూనాలలోని ఒకే రకపు ముక్క ఒకే బరువుతో కలిసి ప్రయాణించును. యంత్రము దానిని పగులగొట్టగనే గుర్తులు తునిగి, వేర్వేరు బరువుల తునకలు బయటపడును. ఏ తునక ఎంత ఎక్కువగా ఉన్నదో, ఆ మనిషిలో ఆ మాంసకృత్తు అంత ఎక్కువ.

మాంసకృత్తుల వంటి పెద్ద అణువులను చెడకుండ యంత్రమున ప్రవేశపెట్టు మార్గములను కనుగొన్నందుకు జాన్ ఫెన్, కోయిచి తనాకాలకు 2002లో నోబెల్ బహుమతి లభించినది. ఈ గుర్తుల విధానము 2003లో ప్రకటితమైనది. నేడు 18 నమూనాలను, అంతకు మించియు, ఒకేసారి కొలువవచ్చును. ఐతే ఒకే బరువుగల పొరుగు ముక్కలు కలిసినచో, ఉన్న తేడా తక్కువగా కనిపించును. ఏ ఫలితమునైనను వేరొక పద్ధతితో, మరి ఎక్కువమందిలో సరిచూడవలెను.

పంచాయతీలు చేయదగినది

యంత్రము ఎంత గొప్పదైనను గ్రామమున జరిగిన పొరపాటును సరిదిద్దలేదు. నమూనాను తీసిన వెంటనే చల్లగా భద్రపరుపనిచో మాంసకృత్తులు చెడును. రోగుల నమూనాలను ఒక విధముగను, ఆరోగ్యవంతులవి మరొక విధముగను సేకరించినచో, కనబడు తేడా వ్యాధిది కాక సేకరణది కావచ్చును.

కావున పరిశోధకులు గ్రామమునకు వచ్చినపుడు సభ్యులు వారి ఉద్దేశమును ప్రజలకు తెలియజెప్పింపవలెను. ఇష్టపడినవారి నుండి మాత్రమే నమూనాలు తీయనీయవలెను. రోగములేనివారు కూడ ముందుకు వచ్చునట్లు చూడవలెను. పోల్చుటకు వారు లేనిదే కొలతకు అర్థములేదు. ప్రతివాని వయస్సు, వృత్తి, త్రాగునీటి వనరు సరిగా వ్రాయింపవలెను. ఫలితము మొదట ఆ మనిషికే తెలియవలెనని, ఇతరులకు పొక్కరాదని కోరవలెను. సరియైన తూకము గ్రామముననే మొదలగును.