మళ్లీ మళ్లీ తెరిచిన పుస్తకం

ఉద్యోగ పరీక్షల ఫలితాలు వెలువడిన రోజున, సిద్దిపేట జిల్లా రాయపోల్‌లోనైనా మరే మండల కేంద్రంలోనైనా, కొన్ని ఇళ్లలో మిఠాయిలు పంచుతారు. మరెన్నో ఇళ్లలో మౌనం అలముకుంటుంది. కొద్ది మార్కులతో వెనుకబడిన యువకుడు 'నాకు చదువు అచ్చిరాదు' అని తీర్మానించుకుంటాడు. ఇంట్లోవారి నిట్టూర్పులు ఆ తీర్మానాన్ని మరింత బలపరుస్తాయి. అప్పుడు ఎవరో శ్రేయోభిలాషి ఒక వ్యక్తిత్వ వికాస గ్రంథాన్ని తెచ్చి అతని చేతిలో పెడతారు. కొన్ని వందల పుటల ఆ పుస్తకం ఒక మనిషి ఆలోచనా సరళిని మార్చగలదా?

మార్చగలదనడానికి మనకు బాగా తెలిసిన వ్యక్తి జీవితంలోనే నిదర్శనం ఉంది. ఆయన డాక్టర్ ఏ.పీ.జే. అబ్దుల్ కలామ్. 1953లో చెన్నై మూర్ మార్కెట్‌లోని పాత పుస్తకాల దుకాణంలో ఆయనకు ఒక పుస్తకం దొరికింది. దాని పేరు 'లైట్ ఫ్రమ్ మెనీ ల్యాంప్స్'. లిలియన్ ఐష్లర్ వాట్సన్ అనే రచయిత్రి 1951లో వెలువరించిన సంకలనమది. ధైర్యం, సహనం, ఆశ వంటి అంశాలపై మహనీయుల మాటలను, అవి పుట్టిన సందర్భాలను అందులో కూర్చారు. ఐదు దశాబ్దాలకు పైగా ఆ పుస్తకం తనకు తోడుగా ఉందని, పదేపదే తెరవడం వల్ల పలుమార్లు బైండింగు చేయించవలసి వచ్చిందని కలామ్ తన ప్రసంగాలలో చెప్పేవారు.

ఆ బైండింగు మాటను మనం తేలికగా తీసుకోరాదు. ఒకసారి చదివి అలమరలో పెట్టిన పుస్తకానికి రెండో బైండింగు అవసరం రాదు. వైమానిక దళంలో పైలట్ కావాలని కలలుగన్న కలామ్ డెహ్రాడూన్ ఎంపికలో ఇరవై అయిదుగురిలో తొమ్మిదవ స్థానంలో నిలిచారు. ఉన్నవి ఎనిమిది ఉద్యోగాలే. తరువాతి కాలంలో ఆయన నాయకత్వాన రూపొందిన ఎస్.ఎల్.వి.-3 రాకెట్ 1979 ఆగస్టు 10న బంగాళాఖాతంలో కూలిపోయింది. మరుసటి సంవత్సరం జులై 18న అదే రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపింది. 1982లో ఆయన హైదరాబాద్‌లోని రక్షణ పరిశోధన, అభివృద్ధి ప్రయోగశాలకు సంచాలకులుగా వచ్చి క్షిపణుల నిర్మాణానికి సారథ్యం వహించారు. వైఫల్యం ఎదురైన ప్రతిసారీ తిరిగి తెరవడానికి ఒక పుస్తకం ఉండటం చిన్న విషయం కాదు.

అయితే ఘనతనంతా పుస్తకానికే కట్టబెట్టడం కూడా న్యాయం కాదు. మద్రాసు సాంకేతిక విద్యాసంస్థలో ప్రవేశానికి రుసుము కట్టలేని స్థితిలో ఆయన అక్క జొహరా తన బంగారు గాజులను, గొలుసును కుదువబెట్టి తమ్ముణ్ణి చదివించింది. ఆయన జీవితంలో పుస్తకం మనసుకు ధైర్యమిస్తే, అక్క త్యాగం ఆ ధైర్యానికి దారి ఏర్పరచింది.

ఆధునిక పరిశోధన సైతం ఈ విషయాన్నే సూచిస్తోంది. అమెరికాలో తొమ్మిదవ తరగతి చదువుతున్న సుమారు 12,000 మంది విద్యార్థులపై జరిగిన ఒక అధ్యయనం 2019లో 'నేచర్' పత్రికలో ప్రచురితమైంది. తెలివితేటలు పుట్టుకతో స్థిరపడిపోవని, శ్రమతో పెరుగుతాయని బోధించే పాఠాన్ని వారిలో కొందరికి అందించారు. దాని నిడివి గంటకన్నా తక్కువ. చదువులో వెనుకబడినవారి గ్రేడ్లు స్వల్పంగా, నాలుగు పాయింట్ల కొలమానంలో దాదాపు 0.1 మేరకు మెరుగుపడ్డాయి. సవాళ్లను స్వీకరించే ధోరణి తోటి విద్యార్థులలోనూ ఉన్న పాఠశాలల్లో ఫలితం మరింత బాగుంది. చదివిన మాట ప్రభావం చూపుతుంది. చుట్టూ ఉన్నవారు దానికి తోడైతే ఆ మాట నిలుస్తుంది.

మరి చదివినదానిని ఆచరణలోకి తెచ్చుకునేదెలా? ఇందుకు మన వారసత్వంలోనే చక్కని పద్ధతి ఉంది. 1095లో బాగ్దాద్ నిజామియా విద్యాలయంలోని ఉన్నత పదవిని వదులుకొని ఆత్మసంస్కరణకు పూనుకున్న ఇమామ్ గజాలీ (రహ్మలై), 'ఇహ్యా ఉలూమిద్దీన్' మహాగ్రంథంలోని నలభై భాగాలలో ఒకదానిని ఆత్మపరిశీలనకే కేటాయించారు. మనిషి తన మనసును వ్యాపార భాగస్వామిగా భావించాలన్నది ఆయన బోధ. ఫజ్ర్ నమాజు తరువాత దానితో ఆనాటి షరతులు మాట్లాడుకోవాలి. పగలంతా దానిపై కన్నేసి ఉంచాలి. రోజు ముగిశాక లాభనష్టాల లెక్క చూడాలి. కిరాణా దుకాణం నడిపే ప్రతి కుటుంబానికీ ఈ ఉపమానం ఇట్టే అర్థమవుతుంది. దివ్యఖుర్ఆన్‌లోని అర్‌రఅద్ సూరా పదకొండవ ఆయతు కూడా మార్పు మనిషి అంతరంగం నుంచే మొదలు కావాలన్న సత్యాన్ని గుర్తు చేస్తుంది.

ఈ పద్ధతిని ఏ మంచి పుస్తకానికైనా అన్వయించుకోవచ్చు. ఒక అధ్యాయం చదివాక, అందులో ఆచరించదగిన ఒక్క విషయాన్ని ఎంచుకుందాం. అది వారం రోజులు నిలబడిన తరువాతే తదుపరి అధ్యాయానికి వెళదాం. ఇషా నమాజు అనంతరం రెండు వాక్యాలలో ఆనాటి లెక్క రాసుకుందాం. ఇలా చదివితే సంవత్సరానికి ఒక్క పుస్తకమే పూర్తి కావచ్చు. కాని అది మనలో మిగిలే పుస్తకమవుతుంది.

ఎంపికలోనూ వివేకం అవసరం. కోరుకుంటే చాలు ఐశ్వర్యం వచ్చి ఒళ్లో వాలుతుందని చెప్పే పుస్తకాలున్నాయి. పేదరికానికి, వైఫల్యానికి వ్యక్తినే పూర్తి దోషిగా నిలబెట్టేవీ ఉన్నాయి. శ్రమించి, ఫలితాన్ని అల్లాహ్‌కు అప్పగించడం నేర్చిన విశ్వాసి ఈ రెండు అతివాదాలనూ పక్కన పెట్టగలడు. ఇక నిద్ర కరువై, ఆకలి నశించి, బతుకే వద్దనిపించే స్థితిలో ఉన్నవారికి పుస్తకం వైద్యుని స్థానాన్ని భర్తీ చేయలేదు. అటువంటివారు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్‌కు, 14416 నంబరులో, ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

తల్లిదండ్రులకు, పెద్దలకు మా విన్నపం ఒక్కటే. ఓడివచ్చిన బిడ్డ చేతికి పుస్తకం ఇచ్చి మన బాధ్యత తీరిందనుకోవద్దు. ఇంటి పనుల మధ్య చదువుకోవడానికి ఆమెకు ఒక గంట, కూర్చోవడానికి అతనికి ఒక మూల, మరోసారి ప్రయత్నించడానికి వారికొక అవకాశం ఇద్దాం. 'నీవల్ల కాదు' అన్న మాట మన ఇళ్లలో వినిపించకుండా చూద్దాం. అప్పుడే 'నావల్ల అవుతుంది' అని పుస్తకం చెప్పే మాటను మన పిల్లలు నమ్మగలుగుతారు.