విప్పడం సులువు, కూర్చడమే కష్టం: ఇంటి షెడ్డులో ఎంజీబీ స్పోర్ట్స్ కారు పునరుద్ధరణ

బ్రిటన్‌లో పాత స్పోర్ట్స్ కార్ల అమ్మకపు ప్రకటనలు చదివేవారికి 'పూర్తికాని ప్రాజెక్టు' అనే మాట బాగా పరిచయం. ఎవరో కారును ఇంటి షెడ్డులోకి తెచ్చి, ఉత్సాహంగా చివరి మర వరకు విప్పి, తిరిగి కూర్చలేక వదిలేశారని దాని అర్థం. రంగు వెలిసిన ఇనుప డొల్ల, దానితోపాటు అట్టపెట్టెల నిండా నట్లు, బోల్టులు, పేరు తెలియని ముక్కలు అమ్మకానికి వస్తాయి. నడుస్తున్న కారు కంటే ఇలాంటిది చవకగా దొరుకుతుంది. ఆ చవక చూసి మోసపోయేవారు ఎక్కువ.

ఇంట్లో పునరుద్ధరణకు చాలామంది ఎంచుకునే కారు ఎంజీబీ. ఇంగ్లండ్‌లోని ఆబింగ్డన్ కర్మాగారంలో 1962 నుంచి 1980 వరకు తయారైన ఈ కారు, స్థిరమైన పైకప్పు గల జీటీ రూపంతో కలిపి 5 లక్షలకు పైగా రోడ్డెక్కింది. నేడు భారతదేశంలో ఎంజీ అనగానే 2019లో విడుదలైన హెక్టర్ గుర్తుకు వస్తుంది. కాని ఆ పేరుకు మూలం ఆక్స్‌ఫర్డ్‌లోని మోరిస్ గ్యారేజెస్. దానికి కీర్తి తెచ్చినవి స్పోర్ట్స్ కార్లే. భారతీయ మెకానిక్కులకు ఎంజీబీతో మరో చుట్టరికం కూడా ఉంది. 2014 వరకు పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపాడాలో తయారైన అంబాసిడర్‌ను దశాబ్దాలపాటు నడిపించిన 1489 సీసీ పెట్రోలు ఇంజిను, ఎంజీబీలోని 1798 సీసీ ఇంజిను ఒకే కుటుంబానికి చెందినవి. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి 'బీ సిరీస్' వాటి ఇంటిపేరు. అంబాసిడర్ హెడ్ విప్పి వాల్వులు గ్రైండింగ్ చేసిన పాతతరం మెకానిక్కుకు ఎంజీబీ బానెట్ కింద కొత్తగా కనిపించేది తక్కువే.

అయితే ఈ కారు పునరుద్ధరణలో జయాపజయాలను నిర్ణయించేది ఇంజిను కాదు, రేకు. లారీకో పాత జీపుకో ఉన్నట్లు ఎంజీబీకి విడిగా ఛాసిస్ లేదు. నేల, పక్క రేకులు, ఇంజినుకూ కూర్చునే చోటికీ మధ్యనున్న గోడ అన్నీ కలిసి ఒకే పెట్టెలా బరువును మోస్తాయి. టాప్ లేని కారులో ఆ భారం ప్రధానంగా తలుపుల కింద పొడవునా సాగే సిల్లుల మీద పడుతుంది. బయటికి కనిపించే సిల్లు వెనుక మరిన్ని రేకు పొరలు ఉంటాయి. వాన నీరు, చలికాలంలో మంచు కరగడానికి రోడ్లపై చల్లే ఉప్పు ఆ పొరల మధ్య చేరి లోపలి నుంచి తినేస్తాయి. బయట రంగు మెరుస్తూ ఉండగానే లోపల ఇనుము పొడిగా రాలిపోతూ ఉంటుంది.

తుప్పు పట్టిన సిల్లును కోసి తీసేస్తే ఆ వైపున కారును పట్టి ఉంచేది దాదాపు ఏమీ మిగలదు. తలుపు ఖాళీలో ముందుగా ఇనుప బద్దీలను ఊతంగా బిగించకుండా కోత మొదలుపెడితే బాడీ నడుమ భాగం కొద్దిగా కుంగుతుంది. కంటికి ఆనని ఆ కుంగును అలాగే ఉంచి కొత్త సిల్లును వెల్డింగ్ చేస్తే వంకర శాశ్వతమవుతుంది. నెలలు గడిచి, రంగు కూడా వేశాక, తలుపు బిగించే రోజున ఆ సంగతి బయటపడుతుంది. తలుపు పై అంచు వెనుక రేకును ఒరుసుకుంటుంది. కింద మాత్రం వేలు పట్టేంత సందు. అనుభవం ఉన్నవారు ఒక వైపు పూర్తయ్యాకే రెండో వైపు ముట్టుకుంటారు. ప్రతి దశలోనూ తలుపు తగిలించి సందు కొలుస్తారు. రంగు వేయకముందే తలుపులు, బానెట్, డిక్కీ మూత, మడ్‌గార్డులు అన్నీ ఒకసారి బిగించి చూసి మళ్లీ విప్పుతారు. రెండుసార్లు చేసే ఈ చాకిరీని విసుగుతో దాటవేసిన వారే తర్వాత అందమైన రంగును గీకి మళ్లీ టింకరింగ్ చేయించుకోవలసి వస్తుంది.

రేకు బొత్తిగా చెడిన కార్లకు మరో దారి ఉంది. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ పాత కర్మాగారపు అచ్చులను సేకరించి, 1988 నుంచి ఎంజీబీకి పూర్తి కొత్త బాడీ షెల్‌ను తయారు చేసి అమ్ముతోంది. పాత కారులోని ఇంజిను, ఇరుసులు, సీట్లు అందులోకి మార్చుకోవచ్చు. సౌకర్యమే, కాని అలా మారినది పాత కారే అనవచ్చునా అనే చర్చ తెగేది కాదు. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా 2012లో ఆమోదించిన ట్యూరిన్ చార్టర్ మొగ్గు స్పష్టంగా పరిరక్షణ వైపే. అసలు పదార్థాన్ని వీలైనంత నిలుపుకోవాలి, మార్చక తప్పనిదాన్ని మార్చి, ఆ మార్పును రాతపూర్వకంగా నమోదు చేయాలి అన్నది దాని సారం.

ఈ నమోదు అనేది ఇంటి షెడ్డులో మరింత అత్యవసరం. విప్పిన రోజున ప్రతిదీ గుర్తున్నట్లే ఉంటుంది. సెలవు రోజుల్లో మాత్రమే సాగే పని రెండు మూడేళ్లు పట్టినప్పుడు ఏ బ్రాకెట్టు ఏ పక్కదో చెప్పగలిగేది చీటీ ఒక్కటే. ఫోన్‌తో ఫోటోలు తీసుకోవడం మంచిదే. అయితే వాషరు ఎంత మందమో, బోల్టు ఎంత పొడవో ఫోటో చెప్పదు. ముందు చక్రాల హబ్బులే ఇందుకు ఉదాహరణ. రెండు బేరింగుల మధ్య ఒక స్పేసరు, దానితోపాటు కాగితంలాంటి సన్నని షిమ్ములు ఉంటాయి. హబ్బుకు ఉండవలసిన ఆట అంగుళంలో వెయ్యింట రెండు నుంచి నాలుగు వంతులు మాత్రమే. ఆ షిమ్ములు కలగాపులగమైతే చక్రం బిగుసుకుపోవడమో ఊగడమో జరుగుతుంది. స్పేసరును అనవసరమని తీసిపారేసేవారూ ఉన్నారు. అది ప్రాణాంతకమైన పొదుపు. ఇంజినులో కనెక్టింగ్ రాడ్ల టోపీలు, మెయిన్ బేరింగు టోపీలు కూడా అంతే. చూడడానికి ఒకేలా ఉన్నా, దేనిది దానికే బిగించాలి.

మరల విషయంలో భారతీయ పాఠకులకు ప్రత్యేకంగా చెప్పవలసిన మాట ఒకటి ఉంది. ఎంజీబీ బోల్టులు ఎక్కువగా అంగుళాల కొలతలోవి. అర అంగుళం పానా పట్టవలసిన చోట 13 మిల్లీమీటర్ల పానా కూడా పట్టినట్లే ఉంటుంది, కాని గట్టిగా తిప్పితే తల అరిగిపోతుంది. అంతకంటే చేటు, అంగుళాల రంధ్రంలోకి మిల్లీమీటర్ల బోల్టును బలవంతంగా ఎక్కించడం. ఒకటి రెండు చుట్లు తిరిగాక బిగుసుకుంటే ఆపి వెనక్కి తిప్పాలి.

కూర్పుకు ఒక వరుస ఉంది. రంగు ఆరిన డొల్లలోకి ముందుగా బ్రేకు గొట్టాలు, పెట్రోలు గొట్టం, వైరింగ్ వెళ్లాలి. హీటరు పెట్టెను ఇంజిను రాకముందే అమర్చుకోవాలి. టాప్ లేని కారులో డ్యాష్‌బోర్డు ముందే బిగిస్తే ముందు అద్దపు కాళ్ల బోల్టులు చేతికి అందవు. ఇంజిను, గేర్‌బాక్సు బయటే జతచేసి, చైన్ బ్లాకుకు వేలాడదీసి, బాగా ఏటవాలుగా వంచి ఒకేసారి దించుతారు. వెనుక కమాను పట్టీల రబ్బరు బుష్షుల బోల్టులను కారు జాకీలపై ఉండగా చివరిదాకా బిగించకూడదు. చక్రాలు నేలమీద ఆని, బరువు పడ్డాకే బిగించాలి. లేకపోతే రబ్బరు మెలితిరిగి త్వరగా చిరిగిపోతుంది.

లూకాస్ కంపెనీ విద్యుత్ పరికరాల మీద బ్రిటన్‌లో ఎన్నో హాస్యోక్తులు ఉన్నాయి. ఆ కంపెనీని 'చీకటి యువరాజు' అని ఎగతాళి చేసేవారు. ఈ నింద సగమే న్యాయం. నిజానికి ఆ వైరింగ్ ఎంతో క్రమబద్ధమైనది. గోధుమరంగు తీగ బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది, తెలుపు ఇగ్నిషన్‌ది, ఆకుపచ్చ ఇగ్నిషన్ తర్వాత ఫ్యూజు దాటి వచ్చేది, నలుపు ఎర్తు. కొత్తగా రంగు వేసిన కార్లలో లైట్లు మసకగా వెలిగితే, ఎర్తు బిగించే చోట రంగు గీకలేదేమో ముందు చూడాలి. 1967 వరకు వచ్చిన ఎంజీబీలలో బ్యాటరీ పాజిటివ్ కొనను బాడీకి కలిపేవారు. ఆ సంగతి తెలియక నేటి మ్యూజిక్ సిస్టమ్ తగిలిస్తే అది కాలిపోతుంది.

ఇంట్లో పనిచేసేవారు మరచిపోకూడని జాగ్రత్తలు రెండున్నాయి. జాకీ మీద మాత్రమే నిలిపిన కారు కిందికి దూరకూడదు, స్టాండ్లు తప్పనిసరి. పాత బ్రేకు లైనర్లు, క్లచ్చు ప్లేట్లలో ఆస్‌బెస్టాస్ ఉండేది కనుక ఆ దుమ్మును గాలి గొట్టంతో ఊదడం ఊపిరితిత్తులకు ముప్పు, తడిగుడ్డతో తుడవాలి.

కారు పూర్తయ్యాక దానికి పోసే పెట్రోలు కూడా అప్పటిది కాదు. పాత పెట్రోలులోని సీసం ఎగ్జాస్ట్ వాల్వు సీట్లను అరగకుండా కాపాడేది. బ్రిటన్‌లోనూ భారత్‌లోనూ 2000 నాటికి సీసం తొలగింది. హెడ్ విప్పినప్పుడే గట్టి లోహపు సీట్లు వేయించుకోవడం అందుకే. ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిపిన ఇంధనం మన బంకుల్లో సాధారణమైంది. అరవైల నాటి రబ్బరు గొట్టాలు, కార్బురేటరు వాషర్లు దానికి తట్టుకోలేవు. కారు నెలల తరబడి నిలిచి ఉంటే ఇథనాల్ తేమను పీల్చుకుని ట్యాంకు లోపల తుప్పుకు దారితీస్తుంది.

భారతదేశంలో ఇలాంటి కారు ఉన్నవారికి 2021 జులైలో కేంద్ర రోడ్డు రవాణా శాఖ నోటిఫై చేసిన నిబంధనలు వర్తిస్తాయి. తొలి రిజిస్ట్రేషన్ నాటి నుంచి 50 ఏళ్లు దాటి, వాణిజ్యేతర అవసరాలకు వాడే ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలను వింటేజ్ వాహనాలుగా గుర్తిస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. పునర్ రిజిస్ట్రేషన్‌కు 5,000 రూపాయలు. కొత్త నంబరు పలకపై రాష్ట్ర సంకేతం తర్వాత 'వీఏ' అక్షరాలు వస్తాయి. ఇదివరకే రిజిస్టరైన వాహనం పాత నంబరును నిలుపుకోవచ్చు. ఛాసిస్‌లో గాని, బాడీ షెల్‌లో గాని, ఇంజినులో గాని మార్పులతో కూడిన భారీ మరమ్మతు జరిగి ఉండకూడదన్నది ఈ నిర్వచనంలోని కీలకాంశం. కొత్త షెల్ తెప్పించుకోవాలనుకునే ఎంజీబీ యజమాని కోత రంపం చేతపట్టకముందే రిజిస్ట్రేషన్ అధికారుల వద్ద ఈ సంగతి తేల్చుకోవాలి. ఇలా నమోదైన వాహనాన్ని రోజువారీ ప్రయాణాలకు వాడరాదు. ప్రదర్శనలు, వింటేజ్ ర్యాలీలు, సాంకేతిక పరిశోధన, ఇంధనం నింపుకోవడం, మరమ్మతుల కోసం మాత్రమే రోడ్డు మీదికి తీసుకురావచ్చు.