పొరుగు సంఘాలతో పాలుపంపులు

ఈ దినము మనము ధ్యానించబోయే వాక్యభాగము 2 కొరింథీ 8వ అధ్యాయము. బైబిలు దగ్గర ఉన్నవారు తెరచి ఉంచుకోండి, కొంతసేపట్లో దానిలోనికి వద్దాము.

ముందుగా ఒక ప్రశ్న. మీ సంఘానికి కమ్యూనిటీ హాలు ఉన్నదా? ఆదివారాలు, పెళ్లి రోజులు తీసివేస్తే సంవత్సరంలో ఎన్ని దినాలు దాని తాళము తీస్తారు? మీ హాలులో నాలుగు కుట్టు మిషన్లు ఉండి, నేర్పేవారు లేక దుమ్ము పట్టి ఉండవచ్చు. పక్క ఊరి సంఘంలో చక్కగా నేర్పగల సహోదరి ఉండి, మిషను లేకపోవచ్చు. రెండింటి మధ్య దూరము మూడు కిలోమీటర్లే. అయినా ఆమె మీ గుమ్మము ఎక్కదు, మీరూ పిలువరు. ఎందుకంటే వారిది వేరే డినామినేషను!

పేదలుండే పేటలోనే ఒక ఇల్లు తీసుకొని, చదువుకున్నవారు అక్కడే కాపురముండి, ఇరుగుపొరుగుకు సేవచేసే పద్ధతి లండనులో మొదలైంది. వైట్‌చాపెల్ అనే పేదల పేటలో సంఘ కాపరియైన శామ్యూల్ బార్నెట్, ఆయన భార్య హెన్రియెట్టా 1884లో టాయిన్బీ హాల్ స్థాపించారు. దానిని చూసి వెళ్లిన జేన్ ఆడమ్స్ అనే అమెరికా యువతి, స్నేహితురాలు ఎల్లెన్ గేట్స్ స్టార్‌తో కలిసి 1889లో చికాగోలో హల్ హౌస్ తెరిచింది. వలస కూలీల పిల్లలకు బడి, పెద్దలకు రాత్రి తరగతులు, స్నానపు గదులు, వ్యాయామశాల ఒక్కొక్కటిగా అక్కడ వచ్చాయి. 1894లో గ్రాహం టేలర్ అనే బోధకుడు అదే నగరంలో చికాగో కామన్స్ మొదలుపెట్టాడు. ఆయన సెమినరీ ఆచార్యుడు కూడా. సెమినరీలో చదివినవారము ఆ సంగతి గుర్తుంచుకొంటే మంచిది!

ఇప్పుడు గమనించండి. ఈ గృహాలు ఒకదానికొకటి పోటీగా నిలువలేదు. 1894లోనే చికాగోలోని గృహాలు ఒక సమాఖ్యగా ఏర్పడ్డాయి. 1911లో దేశమంతటికీ ఒక సమాఖ్య వచ్చింది, జేన్ ఆడమ్స్ దానికి మొదటి అధ్యక్షురాలు. 1919లో న్యూయార్కు గృహాలు తమ నగరానికి ఒకటి ఏర్పరచుకొన్నాయి.

కలిసినందువల్ల ఏమి దొరికింది? పసిపిల్లలు కార్ఖానాలో కూలి చేస్తుంటే ఒక్క గృహములోనివారికి అది తమ పేట బాధగానే కనిపిస్తుంది. అన్ని పేటలవారు కూర్చుండి చెప్పుకొన్నప్పుడు అది దేశము బాధ అని తెలుస్తుంది. న్యూయార్కులో హెన్రీ స్ట్రీట్ గృహమును నడిపిన నర్సు లిలియన్ వాల్డ్, హల్ హౌస్‌లో పనిచేసి వచ్చిన ఫ్లోరెన్స్ కెల్లీ, పిల్లల కొరకు ప్రభుత్వ శాఖ ఒకటి కావాలని పట్టుబట్టారు. 1912లో అది ఏర్పడింది. దాని మొదటి అధిపతి జూలియా లాత్రోప్, ఆమె కూడా హల్ హౌస్ మనిషే.

అయితే అందరూ ఒక్కటైపోతే చాలు అనుకోవద్దు. 1960లలో విశ్వవిద్యాలయము కొరకు హల్ హౌస్ భవనాలలో ఎక్కువ భాగము కూల్చబడింది. నగరంలోని పలు కేంద్రాలు ఒకే సంస్థగా చేరి ఆ పేరుతో పని సాగించాయి. రానురాను ఆ సంస్థ రాబడిలో అత్యధిక భాగము ప్రభుత్వ నిధులే అయ్యాయి. అవి తగ్గాయి, అప్పులు పెరిగాయి. 2012 జనవరిలో అది మూతపడింది. దాదాపు 300 మంది పని పోగొట్టుకొన్నారు. న్యూయార్కు సమాఖ్యలోనైతే ప్రతి గృహము తన పేరు, తన కమిటీ తానే ఉంచుకొన్నది. సిబ్బందికి శిక్షణ, నగర ప్రభుత్వముతో మాట్లాడడం వంటివి కలిసి చేస్తారు. ఆ సమాఖ్య నేటికీ నడుస్తున్నది.

ఇప్పుడు మన వాక్యభాగమునకు వద్దాము. యెరూషలేములోని బీదల కొరకు పౌలు చందా పోగుచేస్తున్నాడు. మాసిదోనియ సంఘాలు తామే బీదవి, అయినా ఇచ్చాయి. కొరింథు సంఘమును మాసిదోనియలో కలిపివేయండని పౌలు చెప్పలేదు. ఎవరి సంఘము వారిదే, భారము మాత్రము అందరిది. ఆ సొమ్ము విషయంలో తనమీద ఎవరూ తప్పు మోపకుండా తీతుతోపాటు సంఘాలు ఏర్పరచుకొన్న సహోదరుని కూడా పంపాడు. అపొస్తలుడే లెక్కకు సాక్షులను పెట్టుకొంటే, మనకు లెక్క వ్రాయడానికి నామోషీ ఎందుకు?

కాబట్టి మీ మండలంలో నాలుగైదు సంఘాల పెద్దలు కలిస్తే మొదటే డబ్బు కలపవద్దు. డబ్బు కలిపినచోట అనుమానము త్వరగా పుడుతుంది. ఎవరి దగ్గర ఏమున్నదో జాబితా వ్రాయండి: కుర్చీలు, జనరేటరు, వంట గుండిగలు, కంప్యూటర్లు. మనుషులను కూడా వ్రాయండి: ట్యూషను చెప్పగలవారు, నర్సులు, రిటైరైన టీచర్లు. హాలు ఎవరి పేరున ఉన్నదో వారి పేరుననే ఉండనివ్వండి. తాళము ఎవరి దగ్గర, కరెంటు బిల్లు ఎవరు కడతారు, పాడైతే ఎవరు బాగు చేయించాలి, ఇవి కాగితముమీద పెట్టి అందరూ సంతకాలు చేయండి. గుండిగ అరువిచ్చి, మూత లేకుండా తిరిగి తెచ్చుకొన్నవారికి ఈ మాట విలువ తెలుసు!

ఆ సహోదరిని పిలిచి కుట్టు తరగతితో మొదలుపెట్టండి. పెద్దల తొలి కూడిక మాత్రము అన్నిటిలో చిన్న సంఘపు హాలులోనే జరగనివ్వండి. కుర్చీలు చాలకపోతే పెద్ద సంఘమువారు ట్రాలీ ఆటోలో వేసుకొని వస్తారు.