తొలి మోటారు సైకిలు

గోదావరి కుడి గట్టున ఉన్న పోలవరం నుంచి రాజమహేంద్రవరం చేరాలంటే పట్టిసీమ, తాళ్ళపూడి మీదుగా కొవ్వూరు వచ్చి, అక్కడ నదిని దాటాలి. దూరం 30 కిలోమీటర్లకు పైమాటే. చదువు కోసమో, పని కోసమో నిత్యం ఇటువంటి దారిలో రాకపోకలు సాగించే యువతీయువకులకు మోటారు సైకిలు విలాసవస్తువు కాదు, అవసరం. పొలం మీద వచ్చిన రాబడిలో కొంత, చేసిన అప్పు కొంత కలిపి తల్లిదండ్రులు కొనిచ్చే వాహనమది. అందుచేత దాని ఎంపికలో పొరపాటు జరిగితే నష్టపోయేది డబ్బు ఒక్కటే కాదు. ఒక్కొక్కసారి ప్రాణానికే ముప్పు వాటిల్లుతుంది.

బండి కొనదలచినవారు సాధారణంగా మొదట అడిగే ప్రశ్న, "ఏ బండి మంచిది?" అని. ఈ ప్రశ్నకు ఒక్క సమాధానం లేదు. "ఏ బండి, ఎవరికి, ఏ దారిలో?" అని అడిగినప్పుడే సరైన సమాధానం దొరుకుతుంది. కొత్తగా నేర్చుకునేవారు తప్పులు చేయడం సహజం. చేసిన తప్పును సరిదిద్దుకోవడానికి వ్యవధి ఇచ్చే బండే తొలి బండి కాదగినది.

మన దేశంలో మోటారు సైకిలు సామాన్యుని ఇంటికి చేరిన తీరు కూడా ఈ విషయాన్నే తెలుపుతుంది. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ బుల్లెట్ నిర్మాణాన్ని చేపట్టింది. బరువైన ఆ వాహనం చాలాకాలం సైనికులకు, పోలీసులకు, సంపన్నులకు గుర్తుగా నిలిచింది. 1980ల మధ్యకాలంలో జపాన్ సంస్థల సహకారంతో 100 సి.సి. వాహనాలు వచ్చాయి. 1985లో వెలువడిన హీరో హోండా సి.డి. 100 తక్కువ పెట్రోలుతో ఎక్కువ దూరం నడిచి, చిరుద్యోగులకూ రైతులకూ చేరువయింది. తక్కువ బరువు, తక్కువ ఖర్చు అనే ఈ రెండు గుణాలే తొలి బండికి నేటికీ ముఖ్యమైనవి.

అన్నిటికంటే ముందు ఆలోచించవలసినది వయస్సు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం గేరు గల మోటారు సైకిలు నడపడానికి 18 సంవత్సరాలు నిండాలి. 16 సంవత్సరాలు నిండినవారు గేరు లేని, 50 సి.సి. మించని వాహనాన్ని మాత్రమే నడపవచ్చు. 2019లో చేసిన సవరణ ఈ నిబంధనను మరింత కఠినం చేసింది. మైనరు వాహనం నడుపుతూ నేరానికి పాల్పడితే తల్లిదండ్రులు గాని, వాహన యజమాని గాని బాధ్యులవుతారు. వారికి మూడేళ్ళ వరకు జైలుశిక్ష, 25,000 రూపాయల జరిమానా విధించే వీలుంది. ఆ మైనరుకు 25 ఏళ్ళు వచ్చేవరకు లైసెన్సు లభించదు. తగిన వయస్సు వచ్చిన తరువాత ముందుగా లెర్నర్ లైసెన్సు పొందాలి. దానికి ఆరు నెలల గడువు ఉంటుంది. కనీసం 30 రోజులు సాధన చేసిన మీదట పక్కా లైసెన్సుకు పరీక్ష ఇవ్వవచ్చు. ఎల్ బోర్డుతో నడిపే కాలంలో నేర్పేవారిని తప్ప, స్నేహితులను వెనుక ఎక్కించుకోరాదు.

రెండవది శరీరానికీ బండికీ పొందిక. సీటు మీద కూర్చున్నప్పుడు రెండు పాదాలూ నేలకు స్థిరంగా ఆనాలి. 100 సి.సి. తరగతి బండి బరువు సుమారు 110 కిలోలు, 350 సి.సి. బుల్లెట్ బరువు సుమారు 195 కిలోలు. కదులుతున్నప్పుడు ఈ తేడా అంతగా తెలియదు. గట్టు వాలులో బండిని ఆపి వెనక్కి తిప్పవలసి వచ్చినప్పుడు, ఒరిగిపోతున్న బండిని ఒంటికాలిపై నిలుపవలసి వచ్చినప్పుడు తెలుస్తుంది.

మూడవది వేగం. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు దాటుతుంది. అడ్డు వచ్చిన గేదెను గుర్తించి బ్రేకు వేయడానికే సుమారు ఒక సెకను పడుతుంది. అంటే బ్రేకు పడకముందే బండి అంత దూరం వెళ్ళిపోతుంది. పైగా వేగం రెట్టింపయితే, బ్రేకు వేసిన తరువాత ఆగడానికి పట్టే దూరం నాలుగు రెట్లవుతుంది. అందువల్ల ఊళ్ళ మధ్యగా సాగే దారిలో నేర్చుకునేవారికి 100 నుంచి 125 సి.సి. ఇంజను చాలును. అంతకు మించిన శక్తి అనుభవానికి తోడు కాగలదే గాని, అనుభవం లేని లోటును తీర్చలేదు.

నాలుగవది బ్రేకులు. పొడి తారురోడ్డుపై బ్రేకు వేసినప్పుడు భారం ముందు చక్రంపైకి మళ్ళుతుంది. కనుక బండిని ఆపడంలో ముందు బ్రేకుదే ప్రధాన పాత్ర. భయంతో కాలి బ్రేకునే నమ్ముకోవడం సరికాదు. అయితే లారీల నుంచి రాలిన ఇసుక పరచుకున్నచోట, వానకు తడిసిన బురదలో ముందు బ్రేకు గట్టిగా పట్టితే చక్రం జారుతుంది. 2019 ఏప్రిల్ 1 నాటికి కొత్త బండ్లలో 125 సి.సి. మించిన వాటికి ఎ.బి.ఎస్., అంతకు లోపు వాటికి కనీసం సి.బి.ఎస్. తప్పనిసరి అయ్యాయి. చక్రం బిగుసుకుపోకుండా మొదటిది కాపాడుతుంది. ఒక బ్రేకు వేస్తే రెండు చక్రాలకూ పట్టు అందేలా రెండవది చూస్తుంది. కాని ఇసుకలో బండిని త్వరగా ఆపే శక్తి వీటికి లేదు. అక్కడ ముందుగానే వేగం తగ్గించడం ఒక్కటే మార్గం.

ఇక ఖర్చు విషయం. బండి ధరతోనే లెక్క ముగియదు. బీమా, రిజిస్ట్రేషన్, పెట్రోలు, ఆయిలు మార్పిడి, టైర్లు, నెలవారీ వాయిదా అన్నీ కలిపి చూడాలి. ఐ.ఎస్.ఐ. ముద్ర గల శిరస్త్రాణం ధరను కూడా బండి ధరలో భాగంగానే భావించాలి. నేర్చుకునే రోజుల్లో బండి ఒకటి రెండుసార్లు పడవచ్చు కనుక సెకండ్ హ్యాండ్ బండి కొనడమూ వివేకమే. అయితే నమ్మకమైన మెకానిక్కుకు చూపించాలి. ఆర్.సి.లోని ఇంజను, చాసిస్ నంబర్లను బండిపై ఉన్నవాటితో సరిచూడాలి. పాత అప్పు తీరిందో లేదో తెలుసుకొని, యాజమాన్యాన్ని తమ పేరుకు మార్పించుకోవాలి. 2019కి ముందు నాటి బండి అయితే పైన చెప్పిన బ్రేకు సదుపాయం ఉండకపోవచ్చునని గుర్తించాలి.

తోటివారి బండిని చూసి ఎంచుకున్నది వారి బండే అవుతుంది గాని తనది కాదు. తన వయస్సును, బలాన్ని, దారిని, ఇంటి రాబడిని తూచి ఎంచుకున్నదే తనది. చూసేవారి మెప్పు వీధి మలుపు వరకే ఉంటుంది. కొవ్వూరు దారిలో చీకటి పడినప్పుడు, ఇంటి అరుగు మీద తల్లి ఎదురుచూస్తున్నప్పుడు, ఆ బండి నుంచి కోరదగినది ఒక్కటే: బయలుదేరిన మనిషిని క్షేమంగా ఇల్లు చేర్చడం.