నీళ్లు అడగని వడపోత

1943లో హాలండ్ జర్మన్ సైన్యం గుప్పిట్లో ఉంది. కాంపెన్ పట్టణంలో విలెమ్ కాల్ఫ్ అనే యువ వైద్యుడు సాసేజ్‌ల తొడుగుకు వాడే సెల్లోఫేన్ గొట్టాన్ని డ్రమ్ముకు చుట్టి, ఉప్పునీటి తొట్టిలో తిప్పాడు. గొట్టం లోపల కిడ్నీలు చెడిన రోగి రక్తం, బయట నీళ్లు. రక్తంలోని యూరియా, క్రియాటినిన్ వంటి వ్యర్థాలు పొర దాటి నీళ్లలోకి జారుకునేవి. మొదటి రోగుల్లో దాదాపు అందరూ చనిపోయారు. 1945లో కోమాలో ఉన్న 67 ఏళ్ల మహిళ ఒకామె బతికి బయటపడింది.

ఆ తర్వాత యంత్రం ఎంతో మారింది. సూత్రం మాత్రం అదే. బట్టల్లో సబ్బు వదలాలంటే నీళ్లు మార్చి మార్చి జాడించాలి కదా, రక్తం సంగతీ అంతే. నాలుగు గంటల డయాలసిస్‌కు నిమిషానికి అర లీటరు చొప్పున 120 లీటర్ల శుద్ధ ద్రవం కావాలి. అదీ సాధారణంగా వారానికి మూడుసార్లు. కిడ్నీ జబ్బులతో సతమతమయ్యే శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కుటుంబాలకు ఈ లెక్క ఎవరూ చెప్పనక్కర్లేదు.

నీళ్లు, కరెంటు ఆగిపోతే? 2011 మార్చి భూకంపం, సునామీల తర్వాత జపాన్‌లోని ఇవాకీ నగరం నుంచి వందలాది డయాలసిస్ రోగులను టోక్యో తదితర చోట్లకు తరలించాల్సి వచ్చింది. ఇలాంటి విపత్తుల్లో పనికొచ్చే సాధనం కోసం సుకుబాలోని జాతీయ పదార్థ విజ్ఞాన సంస్థలో మిత్సుహిరో ఎబారా బృందం దారి మార్చింది. మలినాన్ని కడగడం కాదు, ఏరి పట్టుకోవడం. 2014లో ఆ ఫలితాలు వెలువడ్డాయి.

పట్టేది జియోలైట్. అల్యూమినియం, సిలికాన్, ఆక్సిజన్‌లతో కూడిన ఈ ఖనిజం నిండా అణువులు దూరేంత సన్నని రంధ్రాలు. క్రియాటినిన్‌కు సరిపోయే రంధ్రాలున్న రకాన్ని ఎంచుకున్నారు. అయితే దాన్ని పొడిగా రక్తంలో కలిపితే ప్రమాదం. అందుకే రక్తానికి హాని చేయని, నీళ్లలో కరగని ఇథిలీన్ వినైల్ ఆల్కహాల్ పాలిమర్‌లో దాన్ని బంధించారు. ఈ మిశ్రమ ద్రావణాన్ని సూదిలోంచి వదులుతూ వేల వోల్టుల విద్యుత్తు పెడితే, చుక్క సాగి దారమవుతుంది, ద్రావణి గాలిలోనే ఆరిపోతుంది. ఎదుటి పలక మీద నానోపోగుల వల పేరుకుంటుంది. పోగు సన్నబడేకొద్దీ అంతే బరువుకు రక్తాన్ని తాకే ఉపరితలం పెరుగుతుంది. చిక్కు ఇథిలీన్ పాళ్లలో ఉంది: పోగు నీటికి చెదరకూడదు, అలాగని క్రియాటినిన్‌ను లోపలికి రానివ్వకుండా అడ్డుపడకూడదు.

మనిషి ఒంట్లో రోజూ తయారయ్యే క్రియాటినిన్‌ను పట్టడానికి 16 గ్రాముల వల చాలని బృందం లెక్కగట్టింది. చేతికి కట్టుకునే చిన్న పరికరంలో అమర్చవచ్చన్నది వారి ఆశ.

అయితే క్రియాటినిన్ ప్రధానంగా కిడ్నీల పరిస్థితి చెప్పే సూచిక. అంతకన్నా ఎన్నో రెట్లు పుట్టే యూరియా చిన్న అణువు, నీటితో ఇట్టే కలిసిపోతుంది, ఏరి పట్టడం కష్టం. అదనపు పొటాషియం, ఒంట్లో చేరిన నీరు, పరికరంలో రక్తం గడ్డకట్టడం అదనపు సమస్యలు. కాబట్టి ఈ వల డయాలసిస్‌ను ఇంటికి పంపేస్తుందనడం తొందరపాటు. నీళ్లు అందని రోజుల్లో రోగికి కాస్త గడువు తెచ్చిపెట్టగలదా అన్నదే దీనికి అసలు పరీక్ష.