శస్త్రచికిత్స తర్వాత మోకాలికి కదలికే మందు
గోదావరిఖని: భూగర్భ గనిలో పని భారమంతా మోకాళ్లపైనే పడుతుంది. ఇన్‌క్లైన్ దిగడం, పైకప్పు తక్కువగా ఉన్నచోట వంగి నడవడం, గొంతుక్కూర్చుని పనిచేయడం కార్మికులకు నిత్యకృత్యం. లిగమెంటు తెగినా, ఎముక విరిగినా శస్త్రచికిత్సతో సరిచేయవచ్చు. అయితే ఆ తర్వాత కీలు బిగుసుకుపోతే తిరిగి గనిలోకి దిగడమే ప్రశ్నార్థకమవుతుంది.

ఎందుకు బిగుసుకుంటుంది?
గాయాన్ని మాన్పేందుకు శరీరం కొల్లాజెన్ అనే పీచు పదార్థాన్ని తయారుచేస్తుంది. కొందరిలో ఇది అవసరానికి మించి పెరిగి కీలు లోపలి పొరలను, మోకాలి చిప్పను అతికించేస్తుంది. వైద్యులు దీనిని ఆర్థ్రోఫైబ్రోసిస్ అంటారు. వాపు తగ్గకపోవడం, ఇన్‌ఫెక్షన్, కాలిని ఎక్కువకాలం కదపకపోవడం దీనికి దోహదం చేస్తాయి.

చదునైన నేలపై నడవడానికి మోకాలు సుమారు 70 డిగ్రీలు, మెట్లు ఎక్కడానికి 90 నుంచి 100 డిగ్రీలు వంగాలి. గొంతుక్కూర్చోవడానికి 120 డిగ్రీలు కూడా చాలవు.

తొలి వారాలే కీలకం
నొప్పి తగ్గుతుందని మోకాలి కింద దిండు పెట్టుకోవడం చాలామందికి అలవాటు. దీనివల్ల కాలు వంగినట్లే ఉండిపోయి పూర్తిగా చాపలేని స్థితి ఏర్పడుతుంది. దిండును మడమ కింద ఉంచాలి. తొడ కండరాన్ని బిగించి వదలడం, మంచంపై మడమను వెనక్కి జరపడం వంటి వ్యాయామాలను వైద్యుడు అనుమతించిన మేరకు రోజూ పలుమార్లు చేయాలి. గుడ్డలో చుట్టిన ఐసుతో కాపడం పెడితే వాపు తగ్గుతుంది.

కరీంనగర్‌లోనో, హైదరాబాద్‌లోనో శస్త్రచికిత్స చేయించుకున్నవారికి ఇంటికి రాగానే ఫిజియోథెరపీ ఆగిపోయే ప్రమాదముంది. అందుకే ఏ వ్యాయామాలు చేయాలో, కాలు ఎన్ని డిగ్రీలు వంగుతోందో డిశ్చార్జి పత్రంలో రాయించుకుని, స్థానికంగా ఫిజియోథెరపిస్టు వద్ద కొనసాగించాలి.

జాప్యం తగదు
ఆరు వారాలైనా మోకాలు 90 డిగ్రీలు వంగకపోతే శస్త్రచికిత్స చేసిన వైద్యుడిని కలవాలి. కీలు మార్పిడి జరిగినవారికి మత్తు ఇచ్చి కాలిని వంచే చికిత్స తొలి మూడు నెలల్లో ఎక్కువ ఫలితమిస్తుంది. ఆలస్యమైతే అతుకులు గట్టిపడతాయి. అప్పుడు ఆర్థ్రోస్కోపీ ద్వారా సన్నని రంధ్రాల నుంచి వాటిని తొలగించాల్సి రావచ్చు. ఆ తర్వాత కూడా వెంటనే వ్యాయామం మొదలుపెట్టకపోతే అతుకులు మళ్లీ ఏర్పడతాయి. నాటు మర్దనతో కాలిని బలవంతంగా వంచితే ఎముక విరగవచ్చు, కండర బంధనం తెగవచ్చు.

జ్వరం, గాయం నుంచి చీము, పిక్కలో వాపు, నొప్పి కనిపిస్తే వ్యాయామం ఆపి అదేరోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఆయాసం, ఛాతీనొప్పి వస్తే క్షణం ఆలస్యం చేయరాదు.