లెర్న్ (యునిక్స్ శిక్షణా ప్రోగ్రాము)

లెర్న్ అనునది యునిక్స్ ఆపరేటింగ్ సిస్టమును వాడే విధానమును అభ్యాసముల ద్వారా నేర్పుటకు తయారుచేయబడిన ఒక కంప్యూటరు ప్రోగ్రాము. దీనిని అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో బ్రయాన్ కెర్నిగన్, మైఖేల్ లెస్క్ రూపొందించారు. 1979లో వెలువడిన యునిక్స్ ఏడవ వెర్షనులో ఇది ఒక భాగము. ఎడిటరు, సీ భాష మొదలైన అంశాలపై ఇందులో వేర్వేరు పాఠాల వరుసలు ఉండేవి. కొత్తవారు మొదట చదువవలసినది 'ఫైల్స్' అనే వరుస.

నేపథ్యము

ఆ కాలపు యునిక్స్‌లో బొమ్మలు, మెనూలు లేవు. వాడుకరి టెర్మినలు వద్ద ఆదేశమును టైపు చేస్తే, షెల్ అనే ప్రోగ్రాము దానిని చదివి అమలు చేసేది. ఆదేశాల పేర్లు మరీ పొట్టివి. ఎల్‌ఎస్ డైరెక్టరీలోని ఫైళ్ళ పేర్లను చూపుతుంది. క్యాట్ ఫైలులో ఉన్న విషయమును చూపుతుంది. సీపీ నకలు తీస్తుంది, ఎమ్‌వీ పేరు మారుస్తుంది లేదా వేరొక చోటికి తరలిస్తుంది, ఆర్‌ఎమ్ తొలగిస్తుంది.

పని సవ్యముగా జరిగితే ఈ చివరి మూడు ఆదేశాలు ఏమీ చెప్పవు. చిక్కేమిటంటే, పొరపాటు జరిగినపుడు కూడా తరచుగా మౌనముగానే ఉంటాయి. నకలుకు ఇచ్చిన పేరుతో అదివరకే ఒక ఫైలు ఉంటే దానిలోని పాత విషయము చెరిగిపోతుంది. ఆర్‌ఎమ్‌తో తొలగించిన దానిని వెనుకకు తెచ్చే ఆదేశము లేదు. షెల్‌లో నక్షత్రపు గుర్తుకు 'ఏ పేరైనా' అని అర్థము. 'చుక్క ఓ'తో ముగిసే ఫైళ్ళను మాత్రమే తొలగించదలచినవారు నక్షత్రపు గుర్తుకు, చుక్కకు మధ్య పొరపాటున ఖాళీ వదిలితే ఆ డైరెక్టరీలోని ఫైళ్ళు దాదాపు అన్నీ పోతాయి. ఇటువంటి వ్యవస్థను సొంత ఫైళ్ళపై ప్రయోగాలు చేసి నేర్చుకొనుట ప్రమాదకరము; పుస్తకము చదివినంత మాత్రాన చేతికి అలవాటు కాదు.

పని చేయు విధానము

లెర్న్ ప్రతి పాఠమునకు కావలసిన ఫైళ్ళను అభ్యాసము కోసం కేటాయించిన డైరెక్టరీలో తానే సృష్టిస్తుంది. కొద్దిగా వివరించి, ఒక పని అప్పగించి, విద్యార్థిని నిజమైన షెల్‌కే వదిలివేస్తుంది. ఇది నమూనా యంత్రము కాదు, సరియైన జవాబును ఎంచుకొనే పరీక్షా కాదు. పని ముగిసిన తరువాత విద్యార్థి 'రెడీ' అని టైపు చేయాలి.

ఉదాహరణకు, ఒక పాఠములో అమెరికా అధ్యక్షుని పేరు గల ఫైలు ఒకటి ఉన్నదని, దానిలోని విషయమును తెరపైకి తెమ్మని అడుగుతారు. ఆ పేరేమిటో చెప్పరు. విద్యార్థి ముందు ఎల్‌ఎస్‌తో పేర్లు చూచి, 'రూజ్‌వెల్ట్'ను గుర్తించి, ఆపైన క్యాట్ వాడాలి. పేర్లను చూపుట వేరు, విషయమును చూపుట వేరు అన్నది ఇక్కడ నేర్వవలసిన సంగతి. లెర్న్ తెరపై వచ్చిన చివరి మూడు పంక్తులను మాత్రమే అసలు ఫైలుతో పోల్చి చూస్తుంది. అందువలన అంతకు ముందు ఎన్ని తప్పులు చేసినా లెక్కలోనికి రావు. క్యాట్ బదులు వేరొక ఆదేశముతో అదే ఫలితము తెచ్చినా ఒప్పుకొంటుంది.

జవాబు సరియైనదైతే తరువాతి పాఠము వస్తుంది. తడబడేవారిని మరింత వివరణ గల నిదానమైన దారిలో నడిపిస్తుంది. జవాబు ఎందుకు తప్పో చెప్పుటలో మాత్రము దీని శక్తి పరిమితము. పాఠము వ్రాసినవారు ముందుగా ఊహించిన పొరపాట్లకే ప్రత్యేక సమాధానము ఉంటుంది.

ఇటువంటి ఇతర అభ్యాసములు

విమ్ ఎడిటరుతో వచ్చే విమ్‌ట్యూటర్ కూడా పాఠము యొక్క నకలును తెరచి, దానినే దిద్దమంటుంది. ఓవర్‌దవైర్ వారి 'బాండిట్' అనే ఆటలో ఒక్కొక్క మెట్టు ఎక్కుటకు కావలసిన సంకేతపదము ఏదో ఒక ఫైలులో ఉంటుంది. మొదటి మెట్లలోనే పేరు మధ్య ఖాళీలు గల ఫైలు, చుక్కతో మొదలై ఎల్‌ఎస్‌కు మామూలుగా కనబడని ఫైలు ఎదురవుతాయి. ఒక ఫైలు పేరైతే వట్టి అడ్డగీత. క్యాట్‌కు ఆ గీతను ఇస్తే ఫైలును చూపదు, కీబోర్డు నుండి ఏమి టైపు చేస్తారా అని ఎదురు చూస్తుంది. గీతకు ముందు చుక్క, ఏటవాలు గీత చేర్చి, అది ప్రస్తుత డైరెక్టరీలోని ఫైలు అని తెలిపితే లోపలి విషయము కనబడుతుంది.